న్యాయమైన తూనిక, నమ్మకమైన సాక్ష్యం

ధ్యాన భాగాలు: లేవీయకాండము 19:35-36, నిర్గమకాండము 20:16, యెషయా 56:3-5



ఆడపిల్లల ఆటల పోటీల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పాల్గొనవచ్చా అనే ప్రశ్న మన యవ్వనస్థుల మధ్య ఈ మధ్య తరచుగా వస్తోంది. ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. కొందరు కోపంగా మాట్లాడుతున్నారు, కొందరు నవ్వుకుంటున్నారు. ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనేవారూ ఉన్నారు. కానీ మన బిడ్డలు స్కూల్ గేమ్స్‌లో కబడ్డీ, ఖోఖో ఆడుతున్నారు. అనంతపురం ఆర్డీటీ మైదానంలో ఆడాలని ఆశపడే ఆడపిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. పైగా ఈ గొడవ ఇప్పటికే ఒక తెలుగు బిడ్డ గుమ్మం తొక్కింది. కాబట్టి వాక్యం వెలుగులో మాట్లాడుకుందాం.

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. హెప్టాథ్లాన్ అనే పోటీలో ఇద్దరు భారత అమ్మాయిలు పాల్గొన్నారు. రెండు రోజుల్లో ఏడు పోటీలు ఆడాలి: హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, జావెలిన్, చివరికి 800 మీటర్ల పరుగు. తెలంగాణ బిడ్డ అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్య పతకం గెలిచింది. పశ్చిమ బెంగాల్ నుండి వచ్చిన స్వప్న బర్మన్ 5708 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. తేడా నాలుగే పాయింట్లు.

ఆ తర్వాత స్వప్న సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టింది. ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వల్ల తాను పతకం పోగొట్టుకున్నానని, తన పతకం తనకు ఇప్పించమని రాసింది. పేరు రాయకపోయినా ఎవరిని అన్నదో అందరికీ తెలిసిపోయింది. దానితో పాటు ఏ రుజువూ పెట్టలేదు. తర్వాత ఆ పోస్టు తీసేసింది. కానీ అప్పటికే దేశమంతా చదివింది. రుజువు ఉంటే చూపించమని నందిని అడిగింది. పతకం ఆమె దగ్గరే ఉంది.

ఈ ఇద్దరూ ఎవరో చూడండి. నందిని తండ్రి టీ అమ్మి కుటుంబాన్ని పోషించినవాడు. ఆ బిడ్డ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుని పైకి వచ్చింది. స్వప్న తండ్రి రిక్షా తొక్కినవాడు. ఆమెకు రెండు పాదాలకూ ఆరేసి వేళ్ళు. సరైన బూట్లు దొరకక నొప్పితోనే పరుగెత్తి 2018లో జకార్తాలో బంగారు పతకం తెచ్చింది. ఇద్దరూ పేదవాళ్ళ కూతుళ్ళే. నాలుగు పాయింట్లతో పతకం చేజారినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు. ఆ బాధను నేను తక్కువ చేయను. అయితే ఒకరి బాధ ఇంకొకరి మీద నిందగా మారినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడ చూస్తున్నాం. ఈ విషయంలో మనం పట్టుకోవలసినవి మూడు ఉన్నాయి.

1. తూనిక న్యాయంగా ఉండాలి

ఆడవారికి వేరే పోటీ ఎందుకు పెట్టారు? ఆడవారు తక్కువవారని కాదు. దేవుడు స్త్రీని, పురుషుని ఇద్దరినీ తన స్వరూపంలోనే సృజించాడు (ఆదికాండము 1:27). కానీ యుక్తవయస్సు వచ్చాక మగ శరీరంలో ఎముక, కండరం, గుండె, ఊపిరితిత్తులు వేరుగా పెరుగుతాయి. శిక్షణతో ఆ తేడా పూర్తిగా పూడ్చలేం.

మన తెలుగు నేల నుండే ఒక ఉదాహరణ చెప్తాను. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. ఆ విభాగంలో బంగారం గెలిచిన చైనా మహిళ ఎత్తింది 242.5 కిలోలు. అదే ఒలింపిక్స్‌లో మగవారికీ 69 కిలోల విభాగం ఉంది. అందులో గెలిచిన బల్గేరియా ఆటగాడు ఎత్తింది 357.5 కిలోలు. శరీర బరువు ఒకటే. శ్రమ ఒకటే. తేడా వంద కిలోల పైమాట. ఒలింపిక్స్‌లో ఆడవారికి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ సంవత్సరం మొదలు. ఆ వేరే వరుస తెరవకపోతే మల్లీశ్వరి పేరు ఈ రోజు మనకు తెలిసేదే కాదు.

ఆడవారి పోటీ ఎవరూ ఊరికే ఇచ్చినది కాదు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవారికి 800 మీటర్ల పరుగు పెట్టి, ఆడవారు ఇంత దూరం పరుగెత్తలేరని చెప్పి తీసేశారు. మళ్ళీ పెట్టడానికి 1960 దాకా పట్టింది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడి తమకూ స్వాస్థ్యం కావాలని అడిగినప్పుడు, వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు (సంఖ్యాకాండము 27). అడిగి, నిలబడి సంపాదించుకున్న భాగం అది. దాన్ని కాపాడాలి.

మన ప్రాంతంలో హెచ్చెల్సీ కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. వంతు లేకపోతే కాలువ మొదట ఉన్న పొలాలకే నీళ్ళు. చివరి ఆయకట్టు రైతు నారు ఎండబెట్టుకుని చూస్తూ కూర్చోవాలి. చివరి పొలానికి వంతు పెట్టడం పై రైతు మీద పగతో కాదు. వంతు లేకపోతే బలమే న్యాయమైపోతుంది కాబట్టి. ఆడవారి పోటీ కూడా అలాంటి వంతే.

అందుకని నా అభిప్రాయం దాచకుండా చెప్తున్నాను. మగవాడిగా యుక్తవయస్సు దాటిన తర్వాత స్త్రీగా జీవించే వ్యక్తి, పెద్ద స్థాయి మహిళల పోటీల్లో పాల్గొనకూడదన్న నియమం న్యాయమైనదే. ప్రపంచ ఈత సమాఖ్య 2022లో, ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో, అంతర్జాతీయ క్రికెట్ మండలి అదే సంవత్సరం నవంబరులో ఇలాంటి నియమం పెట్టాయి. రగ్బీ వాళ్ళు అంతకు ముందే, 2020లో, ఆడవారి భద్రత కోసమని చెప్పి నిర్ణయం తీసుకున్నారు. పరుగు పందెంలో తేడా వస్తే పతకం పోతుంది. ఒకరినొకరు ఢీకొనే ఆటలో, గుద్దుకునే ఆటలో తేడా వస్తే ఎముక విరుగుతుంది. కబడ్డీలో చిన్న పిల్లలకు బరువు పరిమితి పెట్టేది కూడా ఇందుకే కదా. తూనికలోను, కొలతలోను అన్యాయం చేయవద్దని లేవీయకాండము చెప్పే ఆజ్ఞ బజారుకే కాదు, మైదానానికీ వర్తిస్తుంది.

2. సాక్ష్యం నమ్మకంగా ఉండాలి

ఇక్కడితో ఆగితే చాలామంది ఆమేన్ అంటారు. కానీ తూనికరాళ్ళు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదు, తూచే చేయి కూడా సరిగ్గా ఉండాలి.

మన దేశంలో ఈ గొడవలో నలిగిపోయినవారు ఎవరో లెక్క చూడండి. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో కూలి కుటుంబంలో పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. తర్వాత లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందని పతకం తీసేసుకున్నారు. లోపల చెప్పవలసిన మాట టీవీల్లోకి ఎక్కింది. ఆమె ప్రాణం తీసుకోబోయేంత దూరం వెళ్ళింది. కొంతకాలం ఇటుక బట్టీలో పని చేసింది. దేవుని కృపను బట్టి బ్రతికి, తర్వాత పిల్లలకు కోచ్ అయింది.

ఒడిశా బిడ్డ ద్యుతీ చంద్‌ను 2014లో కామన్వెల్త్ గేమ్స్‌కు కొద్ది రోజుల ముందు జట్టు నుండి తీసేశారు. ఆమె శరీరంలో సహజంగానే మగ హార్మోను ఎక్కువ ఉందన్నారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015లో ఆ నియమాన్ని న్యాయస్థానం నిలిపివేసింది. ఆ తర్వాత మన హైదరాబాదులో నాగపురి రమేష్ దగ్గర శిక్షణ తీసుకుని, 2018 ఏషియన్ గేమ్స్‌లో రెండు వెండి పతకాలు గెలిచింది. ఇక మూడో అమ్మాయి మన నందిని.

ముగ్గురిలో ఒక్కరైనా ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కాదు. ముగ్గురూ ఆడపిల్లలుగా పుట్టి, ఆడపిల్లలుగా పెరిగినవారే. 2024 పారిస్ ఒలింపిక్స్ సమయంలో మీ ఫోన్లలో తిరిగిన అల్జీరియా బాక్సర్ ఇమానే ఖెలీఫ్ వీడియో గుర్తుందా? ఆమెను ట్రాన్స్‌జెండర్ అని రాసి పంపుకున్నారు. ఆమె ఆడపిల్లగా పుట్టి పెరిగిన మనిషే అని ఒలింపిక్ కమిటీ చెప్పింది. ఆమె అర్హత గురించి బాక్సింగ్ సంస్థల మధ్య వాదం నడిచింది, అది వేరే సంగతి. కానీ వీడియో పంపినవారికి ఆ వాదంతో పని లేదు. మొహం చూశారు, భుజాలు చూశారు, తీర్పు చెప్పేశారు.

యాజకుడైన ఏలీ ఇలాగే చేశాడు. మందిరంలో హన్నా పెదవులు మాత్రమే కదలడం చూసి తాగి ఉందనుకున్నాడు (1 సమూయేలు 1). ప్రార్థిస్తున్న స్త్రీని తాగుబోతు అన్నాడు. దైవజనుడే చూపును బట్టి తీర్పు చెప్పి తప్పిపోతే, మనమెంత? అయితే ఏలీ హన్నా జవాబు విన్నాడు, మాట మార్చుకున్నాడు, దీవించి పంపాడు. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ నేరస్థుని చేయకూడదని ద్వితీయోపదేశకాండము 19:15 చెప్తుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ఫార్వర్డ్ నొక్కడం కూడా సాక్ష్యం పలకడమే.

మరి అనుమానం వస్తే ఏం చేయాలి? దానికి దారి ఉంది. నియమం ముందే రాసి ఉండాలి. అందరికీ ఒకటే ఉండాలి. ఫిర్యాదు సమాఖ్యకు చేయాలి, ప్రపంచానికి కాదు. పరీక్ష చేస్తే డాక్టరు గదిలో జరగాలి, ఫలితం ఆ బిడ్డకే చెప్పాలి, ఆమె మాట వినాలి. 2025 సెప్టెంబరు నుండి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య మహిళా క్రీడాకారులందరికీ జీవితంలో ఒక్కసారి జన్యు పరీక్ష పెట్టింది. బుగ్గ లోపలి నుండి కొంచెం నమూనా తీసుకుంటే చాలు. మొహం నచ్చని అమ్మాయికే కాక అందరికీ ఒకటే కొలత పెట్టడం మంచిదే.

కానీ పరీక్ష కాగితమే చివరి తీర్పు అనుకోకూడదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలను ఇలాగే పరీక్షిస్తే 8 మందిలో ఆ జన్యువు కనబడింది. వైద్యులు విచారించి, ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. అంతకు ముందు స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పాటిన్యో 1985లో క్రోమోజోము పరీక్షలో తప్పింది. ఆ సంగతి బయటకు పొక్కి పతకాలు, రికార్డులు పోయాయి. మూడేళ్ళు పోరాడితే 1988లో మళ్ళీ అర్హత ఇచ్చారు. ఆమె శరీరానికి ఆ హార్మోనును వాడుకునే శక్తే లేదు. తల్లి గర్భం నుండే వేరుగా పుట్టినవారు ఉన్నారని ప్రభువే మత్తయి 19:12లో గుర్తించాడు. అలాంటి బిడ్డల విషయంలో ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించాలి. గంపగుత్తగా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

3. బయట నిలబడినవారికి చోటు ఉండాలి

ఇక ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంగతి. మహిళల పోటీలో వారికి చోటు లేదన్నాను. ఆ మాటను కర్రగా చేసుకుని వారిని కొట్టేవారికి నేను తోడు రాను.

ధర్మశాస్త్రంలో నపుంసకునికి దేవుని సమాజంలో ప్రవేశం లేదు (ద్వితీయోపదేశకాండము 23:1). కానీ యెషయా 56లో, విశ్రాంతి దినాన్ని ఆచరించి తన నిబంధనను పట్టుకున్న నపుంసకునికి తన ఇంట్లోనే, కొడుకులు కూతుళ్ళ కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు వాగ్దానం చేశాడు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని ఏ పుస్తకం చదువుతున్నాడు? యెషయా గ్రంథమే. అతడు చదువుతున్న చోటు నుండి మూడు అధ్యాయాలు ముందుకు వెళితే ఆ వాగ్దానం ఉంది. ఫిలిప్పు అతని శరీరం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. రథమెక్కి పక్కన కూర్చున్నాడు, యేసును ప్రకటించాడు, నీళ్ళు కనబడగానే బాప్తిస్మం ఇచ్చాడు. బైబిల్లోని నపుంసకుడు, ఈనాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఒకటే అని నేను అనడం లేదు. ఇద్దరినీ జనం గుంపు బయటే నిలబెట్టింది అంటున్నాను. ఫిలిప్పును పంపినవాడు పరిశుద్ధాత్ముడు.

మన దేశ సుప్రీంకోర్టు 2014లో వారిని మూడో లింగంగా గుర్తించింది. 2019లో చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది. బస్టాండులో, సంతలో, రైల్లో వారిని పిలిచే పిలుపులు మాత్రం మారలేదు. ఆ పిలుపులు విశ్వాసి నోట రాకూడదు.

ఆటల్లో వారికి ఏ చోటు? అందరూ ఆడే ఓపెన్ విభాగం పెట్టాలని కొందరు చెప్తున్నారు, అది మంచి ఆలోచనే. ప్రపంచ ఈత సమాఖ్య 2023 అక్టోబరులో బెర్లిన్‌లో అలాంటి విభాగం పెట్టింది. ఒక్కరూ పేరు ఇవ్వలేదు. నాకు అందులో ఒక పాఠం కనబడుతుంది. తలుపు తెరిస్తే చాలదు, లోపలికి వస్తే ఎవరూ నవ్వరన్న నమ్మకం కలగాలి. మన సంఘాలకు కూడా ఇదే పాఠం. అందరూ రండి అని బోర్డు రాసి, వచ్చినవారి వైపు వెనక్కి తిరిగి చూస్తే ఎవరు వస్తారు?

ప్రేమ ఉంటే అన్నిట్లో చేర్చుకోవాలి కదా అని కొందరు అడుగుతారు. ప్రేమ అన్యాయపు తూనికను మెచ్చుకోదు. ఒకరికి చోటివ్వడానికి పేదింటి ఆడపిల్ల భాగం తీయకూడదు. వాక్యం స్పష్టంగా ఉంటే ఇంత జాలి ఎందుకు అని మరికొందరు అడుగుతారు. ఆ వాక్యంలోనే ఫిలిప్పు రథమెక్కాడు.

మనం చేయవలసినవి

తల్లిదండ్రులారా, ఇది ముఖ్యంగా మీకు. ఈ గొడవ చూసి భయపడి ఆడపిల్లలను ఆట మాన్పించకండి. మన ఆడపిల్లలు నీళ్ళ బిందెలు మోసి, శెనక్కాయ చేనులో కలుపు తీసి పెరిగినవారు. వాళ్ళ చేతులు గట్టిగా ఉంటాయి, భుజాలు వెడల్పుగా ఉంటాయి. జుట్టు కత్తిరించుకున్న పిల్లను మగరాయుడు అంటాం. పెళ్ళి ఎట్ల అవుతుందని ఇంట్లో అంటారు. హాంగ్‌ఝౌలో నందిని మోసిన నింద కూడా ఈ ఎగతాళి మాటల నుండే పుడుతుంది. బలంగా ఉండటం ఆడపిల్లకు సిగ్గు కాదు. సామెతలు 31లో గుణవతియైన స్త్రీ బలమైన చేతులను వాక్యం మెచ్చుకుంటుంది.

యవ్వనస్థులారా, ఎవరి శరీరం గురించైనా వీడియో వస్తే మీ దగ్గరే ఆపేయండి. ఊరి ఆటల్లో, స్కూలు గ్రౌండులో ఏ పిల్లనూ నువ్వు ఆడపిల్లవేనా అని అడగనివ్వకండి. పి.ఇ.టి. టీచర్లుగా ఉన్న సహోదరులారా, అనుమానం మాట మీ చెవిన పడితే పదిమందిలో పెట్టకండి. ఆ బిడ్డతో, ఆమె తల్లితో మాత్రమే మాట్లాడండి.

ఒక సంతోషవార్త చెప్పి ముగిస్తాను. 2025 మే నెలలో కొరియాలోని గుమిలో జరిగిన ఏషియన్ అథ్లెటిక్స్ పోటీల్లో అగసర నందిని 5941 పాయింట్లతో హెప్టాథ్లాన్ బంగారు పతకం గెలిచింది. ఆ బిడ్డ కోసం దేవుని స్తుతించండి. స్వప్న బర్మన్ కోసం కూడా ప్రార్థించండి, ఆమె పడిన నొప్పి దేవునికి తెలుసు. మన బస్టాండులో చెయ్యి చాచి నిలబడేవారి కోసమూ ప్రార్థించండి. ఈసారి వారు ఎదురైతే మొహం తిప్పుకోక, పేరు అడగండి.

న్యాయాధిపతియైన మన దేవుడు మనకు సరైన తూనికను, సత్యం పలికే నాలుకను, చోటిచ్చే హృదయాన్ని అనుగ్రహించును గాక. ఆమేన్.